టీచరమ్మ ఎంచిన మైనాలు

ఆరు రోజులుగా ముసురు పట్టింది. ఆ మంగళవారం పొద్దున కూడా వాన పెద్దగా కురవలేదు, ఆగనూ లేదు. ఆరని బట్టలు గదిలో తాళ్ల మీద వేలాడుతుంటే వాటి కింద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్నాను. పెళ్లివాళ్లవి పద్నాలుగు జాకెట్లు, సాయంత్రానికి ఇచ్చేయాలి. ఏడు దాటాక పాల ప్యాకెట్లు వేసే ఆమె మెట్ల దగ్గరి నుంచి పిలిచింది. కింద టీచరమ్మ గేటుకు సంచి తగిలించలేదని, పిలిస్తే పలకడం లేదని చెప్పింది. ఆ ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంటుంది. వెళ్లి తలుపు తీశాను. టీచరమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుని చూశాను. గల్లీ చివర ఉండే డాక్టరు గొడుగు వేసుకుని వచ్చి, ప్రాణం పోయి నాలుగైదు గంటలు అయి ఉంటుందన్నాడు. నేను పైకి వెళ్లి, జాకెట్లు రేపు ఇస్తానని పెళ్లివాళ్లకు ఫోన్ చేసి, మళ్లీ కిందికి వచ్చాను.

ఆమె మా ఇంటి యజమానురాలు. అల్వాల్‌లో మా గల్లీకంతా టీచరమ్మ. మిషన్ బడిలో మూడో తరగతి పిల్లలకు చెప్పి రిటైరైంది. సొంత ఊరు గుంటూరు వైపు. భర్త రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి, మేం ఈ ఇంట్లోకి రాకముందే పోయారు. ఆయనను అందరూ సారు అంటారు, నేనూ అలాగే రాస్తాను. పిల్లలు లేరు. ఆమె బడి గురించి, చర్చి గురించి రాయడానికి తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. నేను నర్సాపూర్ అడవి పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని, పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఆరేళ్లు ఆమె వంటింట్లో కొవ్వొత్తులు పోయడంలో సాయం చేశాను. నాకు బాగా తెలిసింది అది. అదే రాస్తున్నాను.

సామాను దించిన రోజు బిందెడు నీళ్లు అడగడానికి కిందికి వెళ్లాను. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో చిన్న గిన్నె, దానిలో ఏదో తేటగా కరుగుతోంది. నెయ్యి కాస్తున్నారా అని అడిగాను.

"ఒక గరిటె తాగి చూడు, మళ్లీ అడగవు," అంది.

అది పారఫిన్ మైనం. నేరుగా మంట మీద పెడితే ఎప్పుడు భగ్గుమంటుందో చెప్పలేమని, అందుకే నీళ్లలో పెట్టి కరిగించాలని ఆ రోజే చెప్పింది. వారం తిరక్కుండా నన్ను ఆ పనిలోకి దింపింది. మొదట అచ్చులకు కొబ్బరినూనె రాయడం, తర్వాత వత్తులను ఒకసారి మైనంలో ముంచి తీసి దండెం మీద నిటారుగా ఆరబెట్టడం. పోయడం మాత్రం రెండేళ్ల దాకా నా చేతికి ఇవ్వలేదు.

మైనం కొనడానికి జనరల్ బజారుకు వెళ్లేవాళ్లం. గోనెసంచుల్లో తెల్లటి పలకలు ఉంటాయి. చూపుకు అన్నీ ఒకటే. టీచరమ్మ ఒక్కో పలక మీద బొటనవేలి గోరు నొక్కేది. గోరు దిగితే పక్కన పెట్టేది. దిగకపోతే చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి వినేది. పుచ్చకాయ కొంటున్నారా అని దుకాణం ఆయన ఎగతాళి చేసేవాడు. పుచ్చకాయ చెడితే ఒకరికి కడుపునొప్పి, మైనం చెడితే చర్చంతా చీకటి అని ఆమె జవాబు. గోరు దిగే మెత్త మైనం చలికాలానికి పనికొస్తుంది, క్రిస్మస్ కొవ్వొత్తులకు అది చాలు. ఏప్రిల్ ఎండలకు అది మధ్యాహ్నానికే నడుం వంచుతుంది. ఈస్టరుకు గట్టిదే కావాలి. కిలో మైనానికి గుప్పెడు స్టియరిక్ పలుకులు కలిపితే ఇంకా గట్టిపడుతుంది, అచ్చులోంచి అంటుకోకుండా జారి వస్తుంది. ఇంట్లో కొవ్వొత్తులు చేసుకుంటాం, ఏ మైనం కొనాలి అని ఎవరైనా వచ్చి అడిగితే ఆమె ఒకటే మాట చెప్పేది. "ముందు ఎక్కడ వెలిగిస్తావో చెప్పు, తర్వాత మైనం అడుగు."

ఆమె వెలిగించాల్సిన చోటు మాత్రం ఏ మైనానికీ లొంగలేదు. అది చెప్పాలంటే సారు గురించి కొంత చెప్పాలి.

సారును నేను ఫోటోలోనే చూశాను. సన్నటి మనిషి, చొక్కా మెడ దాకా బొత్తాలు. కరెంటు పోతే ఆయన ఒక్క కొవ్వొత్తి వెలిగించేవారట. కరెంటు వచ్చిన మరుక్షణం, ఫ్యాను ఇంకా వేగం అందుకోకముందే, రెండు వేళ్లు నాలుకకు తడిచేసుకుని వత్తిని నలిపి ఆర్పేవారు. "వెలుతురు వచ్చాక మంట దండుగ" అనేవారట. క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చిలో కూడా ఊరుకునేవారు కాదు. ఆ పని చేయాల్సిన మనిషి లేచేలోపే వరస వెంట నడుస్తూ అన్నీ నలిపేసేవారు. అందరూ నవ్వేవాళ్లు. ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. పోయాక స్నానం చేయించేటప్పుడు సబ్బుతో, నిమ్మచెక్కతో రుద్దారు. పోలేదు. "అలాగే పంపించాం," అని టీచరమ్మ నాతో అంది. అచ్చుకు నూనె రాస్తూ, చెయ్యి ఆపకుండానే అంది.

ఈస్టరు నాడు తెల్లవారకముందే వాళ్లంతా తిరుమలగిరి వైపున్న సమాధుల తోటకు వెళ్తారు. నాలుగున్నరకల్లా చేరి తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. వెలుతురు వచ్చేసరికి ప్రార్థన అయిపోతుంది. ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకుంటారు. అక్కడ సగం సమాధుల మీద ఉండేవి టీచరమ్మ పోసిన కొవ్వొత్తులే. అవన్నీ పొద్దు పైకెక్కే దాకా, రాతి మీద ముద్దయ్యే దాకా కాలేవి. సారు దగ్గరిది ఒక్కటే మధ్యలో ఆరిపోయేది.

మేం వచ్చేనాటికే అలా మూడు ఈస్టర్లు అయ్యాయి. మొదటి ఏడు గాలి అనుకున్నారు. రెండో ఏడు చుట్టూ రేకు డబ్బా కోసి నిలబెట్టింది, అయినా ఆరింది. మూడో ఏటికి మాటలు మొదలయ్యాయి. పాటల బృందంలో ముందు నిలబడే ఒక ఆమె మా గల్లీలోనే ఉంటుంది. మేం వచ్చిన కొత్తలో మెట్ల దగ్గర అందరిముందే అడిగింది.

"ఏందో టీచరమ్మా, మీ కొవ్వొత్తి మా ఇంట్ల పెడితే గంటలు గంటలు కాలుతది. సారు తాన పెడితేనే ఆరుతది. సారు మనసుల ఏమన్న ఉండిపోయిందేమో, జెర ప్రార్థన పెట్టించుండ్రి."

టీచరమ్మ లోపలికి నడిచింది. తర్వాత నాతో చెప్పింది. "నేను పోయేలోపు ఒక్కసారైనా ఆయన దగ్గరిది చివరిదాకా కాలాలి అమ్మాయ్. లేకపోతే నన్ను ఆయన పక్కన పెట్టేటప్పుడు కూడా వీళ్లు ఇవే మాటలు మాట్లాడుకుంటారు."

ఆమెకు కావాల్సింది అదేనని నేను నమ్మాను. ఈ ఏప్రిల్ దాకా నమ్మాను.

మొదటిసారి ఆమె వెంట వెళ్లింది బుట్ట మోయడానికి. మా పల్లెలో ఆడవాళ్లు శ్మశానానికి పోరు. బుట్ట బరువుగా ఉంది, ఆమెకు మోకాళ్ల నొప్పి, కాబట్టి వెళ్లాను. చీకట్లో సమాధుల మధ్య నడుస్తుంటే కాళ్ల కింద నిరుడు కరిగిన మైనం చెప్పులకు తగిలి చిట్లేది. సారు సమాధి వేపచెట్టుకు దూరంగా, ఏ గోడా ఏ సందూ లేని చోట ఉంది. కొవ్వొత్తి వెలిగించి నిలబడ్డాం. పాటలు అయ్యాయి. మెల్లగా రాళ్ల మీద పేర్లు చదవగలిగేంత వెలుతురు వచ్చింది. గాలి లేదు. చుట్టుపక్కల మంటలన్నీ నిటారుగా ఉన్నాయి. సారు దగ్గరి మంట తగ్గింది, చదునైంది, పోయింది. చిటపటలు లేవు. సన్నగా పొగ లేచింది. టీచరమ్మ వంగి మిగిలిన ముక్కను పీకి నా అరచేతిలో పెట్టింది. వత్తి కొస అణిగి ఉంది, రెండు వైపుల నుంచి నొక్కినట్టు. నేను దాన్ని వదిలేశాను. ఆమె తీసి చేతిరుమాలులో చుట్టుకుంది. రోజూ ఆలస్యమయ్యే బస్సు గురించి చెప్పినట్టు "ప్రతి ఏడూ ఇంతే," అంది.

ఇంటికొచ్చి నేను ఏదీ ముట్టుకోకుండా పైకి వెళ్లి తలస్నానం చేశాను. మరుసటి ఏడు తోట నుంచి తిరిగి వచ్చేసరికి మెట్ల కింది స్నానాలగది తలుపు తీసి ఉంది. లోపల నిండు బకెట్టు, చెంబు, మడత పెట్టిన తువ్వాలు. ముందే ఎవరికో చెప్పి పెట్టించింది. ఆ తర్వాత ప్రతి ఈస్టరుకూ అలాగే పెట్టించింది. దాని గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

ఏటేటా మైనం మార్చింది. ఒక ఏడు నేను మా ఊరి నుంచి తేనెమైనం తెచ్చాను. మా మేనమామ అడవిలో తేనె తీస్తాడు. పిండిన పట్టును నీళ్లలో ఉడికించి, పైకి తేలింది తీసి ముద్దలు చేస్తారు. పచ్చగా, గట్టిగా ఉంటుంది. లావు వత్తి వేయాలి, లేకపోతే మంట తన మైనంలో తానే మునిగిపోతుంది. టీచరమ్మకు దాని వాసన నచ్చింది. తేనెమైనం తొందరపడదని, ఇది తప్పక నిలబడుతుందని అంది. తోటలో అది బాగానే కాలింది. వెలుతురు రాగానే ఎక్కడి నుంచో నాలుగు తేనెటీగలు వచ్చి కొవ్వొత్తి మొదట్లో వాలాయి. మంట ఆరింది. అవి కదల్లేదు. మేం టీ తాగి వచ్చేదాకా అక్కడే ఉన్నాయి.

ఇంకో ఏడు యాప్రాల్ అపార్టుమెంట్లలో వాసన కొవ్వొత్తులు చేసి అమ్మే ఒక అమ్మాయి సోయా మైనం తెచ్చి ఇచ్చింది. సబ్బు తురుములా ఉంటుంది. చాలా మెత్తన, దానంతటది నిలబడదు, గాజు గ్లాసులో పోయాల్సిందే. గ్లాసులోకి గాలి దూరదు కాబట్టి అదీ మంచిదే అనుకున్నాం. అదీ ఆరింది. గ్లాసు లోపలి అంచున ఒకచోట మసి మరక ఉంది. వేలిముద్ర అంత ఉంది. మసి ఎక్కడైనా పట్టవచ్చు.

మధ్యలో ఒక ఏడు పెద్ద వాన పడింది. అందరం తోట గేటు దగ్గరి రేకుల షెడ్డులో నిలబడిపోయాం. వాన వెలిసి కొవ్వొత్తులు వెలిగించేసరికి ఆరుకు పావుగంట తక్కువ. అప్పటికే తూర్పు తెల్లబడుతోంది. నా లెక్క ఏమిటంటే, సారు దగ్గరిది ఏటా గంట, గంటంబావు కాలాక ఆరుతోంది. ఇది కొవ్వొత్తిలో లోపమైతే ఈసారి ఏడింటి దాకా కాలాలి. పది నిమిషాలు కూడా కాలలేదు. వెలుతురు రాగానే ఆరింది. పాటల ఆమె చెంగు తలమీద వేసుకుని టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

అయినా నేను కొవ్వొత్తిలోనే లోపం వెతికాను. పనిచేసే మనిషికి అదే తోస్తుంది.

ఈస్టరు ముందురోజు మధ్యాహ్నం టీచరమ్మ పరీక్ష పెట్టేది. తలుపులు మూసి, తెరలు దించి, ఫ్యాను ఆపి, స్టీలు పళ్లెంలో నాలుగైదు మైనాల చిన్న కొవ్వొత్తులు వరసగా నిలబెట్టి వెలిగించేది. పాత బడి హాజరు పుస్తకంలో ఒక్కో మైనం పేరు రాసి, ఎంతసేపు కాలిందో ఎదురుగా రాసేది. ఏప్రిల్ ఉక్కలో చెమటలు కారుతూ ఇద్దరం మాట్లాడకుండా కూర్చునేవాళ్లం. మేమిద్దరమే ఉన్నా మంటలు ఎక్కువ కాబట్టి గోడ మీద నీడలు చాలా ఉండేవి. నేను గోడవైపు చూసేదాన్ని కాదు. అన్నీ చివరిదాకా కాలేవి. "ఇంట్లో అన్నీ బుద్ధిగా ఉంటాయి," అనేది, పుస్తకం మూస్తూ.

ఆ తర్వాత సారు కొవ్వొత్తి పోసేది. పోసేముందు చేతిరుమాలు విప్పి, నిరుడు మిగిలిన ముక్కను గిన్నెలో వేసేది. కొత్త పాలలో పాత మజ్జిగ చుక్క వేసినట్టు. ఆ ముక్కలో అంతకుముందు ఏడాది ముక్క, దానిలో దాని ముందుది. మొదటి ఈస్టరు మైనం కూడా కొద్దిగా దానిలో ఉందన్నమాట. సమాధి రాయి మీది ఇసుక, బంతిరేకులు, మంచు తడి కూడా ఉన్నాయి. నీళ్లూ మట్టీ మైనానికి పడవని నాకు నేర్పిందే ఆమె. గుడ్డతో వడపోద్దాం అన్నాను.

"వడపోస్తే ఆయన దగ్గరిది ఏం మిగులుతుంది?" అంది.

నాకు అక్కడే దొరికిందనుకున్నాను. పరీక్ష కొవ్వొత్తుల్లో ఆ ముక్క ఉండదు, అవి ఆరవు. సారు దానిలో ఉంటుంది, అది ఆరుతుంది. మట్టి వత్తిలోకి ఎక్కి దారి మూసేస్తోంది. మొదటి ఏడు ఎందుకు ఆరిందో, వాన ఏడు పది నిమిషాలకే ఎందుకు ఆరిందో దీనితో తేలదు. తేలనిదాన్ని పక్కన పెట్టాను.

ఈ ఏడు ఆమె చేతులు బాగా వణికాయి. స్టూలు మీద కూర్చుని చెప్తుంటే నేనే పోశాను. గట్టి పారఫిన్, గుప్పెడు స్టియరిక్, లావు వత్తి. రుమాలు నా చేతికి ఇచ్చి, గుంటూరు నుంచి తమ్ముడి కొడుకు ఫోన్ వస్తే మాట్లాడటానికి ముందుగదిలోకి వెళ్లింది. నేను ముక్కను బొడ్లో దోపుకుని, అచ్చులో శుభ్రమైన మైనం పోశాను. తిరిగి వచ్చి, వేశావా అని అడిగింది. వేశానన్నాను. ఆమెతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

ఐదుకు పావుగంట తక్కువకు వెలిగించాం. పాటలు అయ్యాయి. వెలుతురు వచ్చింది. రాళ్ల మీద పేర్లు కనిపించాయి. మంట నిలబడే ఉంది. పాటల ఆమె చూసి దగ్గరికి వచ్చింది.

"దేవుని దయ టీచరమ్మా. ఇగ సారు నిమ్మళంగ పండుకున్నట్టే," అంది. నిజంగానే సంతోషపడింది. ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి టీచరమ్మ చేతులు పట్టుకున్నారు. ఆమె తల ఊపింది. నా కళ్లు తడిశాయి. చేసిన పని కుదిరితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

అందరూ వెళ్లిపోయారు. పోదామా అంటే, ఉందాం అంది. సమాధి అంచు మీద కూర్చున్నాం. ఎండ వచ్చింది. ఎండలో మంట కనబడలేదు. వత్తి పైన గాలి వణకడం మాత్రం కనబడింది. టీచరమ్మ కొవ్వొత్తిని చూడటం లేదు. దాని పక్కన, మనిషి వంగితే ముఖం ఉండేంత ఎత్తులో చూస్తోంది. నేనూ అటు చూశాను. ఏమీ లేదు. రెండు గంటలకు పైగా అలాగే కూర్చుంది. తొమ్మిదికి కొంచెం ముందు వత్తి ముద్దలోకి ఒరిగి ఆరింది. మైనమంతా కాలింది. ఆమె రాయి మీద చెయ్యి పెట్టి చూసింది.

"రాలేదు," అంది.

ఎవరని అడిగాను.

"ఇన్నేళ్లూ వచ్చి ఆర్పి వెళ్లారు కదా. ఈసారి రాలేదు."

తనకు కావాల్సింది ఏమిటో ఆమెకు కూడా ఆ పొద్దుటి దాకా తెలియదనుకుంటాను. తెలిసి ఉంటే అన్ని మైనాలు ఎందుకు మారుస్తుంది? నాకు మాత్రం అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. ఆరిపోయిన ఏళ్లలో ఆమె ఇంటికొచ్చి కడుపునిండా తినేది. పాటల ఆమెను తిట్టుకుంటూ, నవ్వుతూ, రెండోసారి కూర వేయించుకుని తినేది. ఆ రోజు గ్లాసెడు మజ్జిగ తాగి పడుకుంది.

సాయంత్రం వెళ్లి జరిగింది చెప్పాను. ముక్క వేయలేదని, నా దగ్గరే దాచానని. ఆమె లేచి కూర్చుంది. "ఏదీ? తీసుకురా," అంది. గొంతులో తొందర ఉంది. పైకి పరుగెత్తాను. దాచిన గూట్లో లేదు. మా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు, సెలవురోజు ఇంట్లో ఏదో ఒకటి బాగుచేస్తుంటాడు. కూలరు తొట్టి కారుతోందని, గూట్లో మైనం ముక్క కనబడితే కరిగించి చిల్లుకు పూశాడు. నేను తలపట్టుకుంటే, "ఏందే, గింతంత మైనం ముక్కకు గింత పరేషాన్?" అన్నాడు.

కిందికి వెళ్లి కూలరు సంగతి చెప్పాను. టీచరమ్మ మంచం దిగింది. తర్వాత గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి మా గదికి వచ్చింది. రెండేళ్లయింది ఆమె పైకెక్కి. కూలరు తిరుగుతోంది. వంగి తొట్టి అడుగున రేకుకు అరచెయ్యి ఆనించింది.

"నీళ్లు కారడం ఆగిందా?"

"ఆగింది టీచరమ్మా," అన్నాడు మా ఆయన, ఏమీ తెలియక. "సుక్క సుత కారుతలేదు."

"తప్పయింది టీచరమ్మా, గోకి తీసిస్త," అన్నాను నేను.

"వద్దు, తియ్యకు. ఆయన చూస్తే సంతోషిస్తారు. దండుగ కాలేదు." కొంచెం నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత అచ్చులు బయటికి తీయలేదు. జూన్‌లో ఇత్తడి అచ్చులు, హాజరు పుస్తకం నాకే ఇచ్చేసింది. ఎవరైనా కొవ్వొత్తులు అడిగితే పైకి పంపేది. నేను గోరు నొక్కి, కణుపుతో కొట్టి మైనం కొంటున్నాను. దుకాణం ఆయన ఇప్పుడు నన్ను పుచ్చకాయ మాట అంటున్నాడు.

ఒక్క మార్పు మాత్రం చూశాను. వానలు మొదలయ్యాక మబ్బు పట్టి మధ్యాహ్నాలే చీకట్లు పడేవి, కరెంటు పోయేది. ఆమె కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చునేది. కరెంటు వచ్చేది, ట్యూబులైటు వెలిగేది, ఫ్యాను తిరిగేది. కొవ్వొత్తి అలాగే ఉండేది. ఫ్యాను గాలికి మంట పడుతూ లేస్తూ ఉంటే ఆమె దాని పక్కన అంత ఎత్తులోనే చూస్తూ ఉండేది. ఒకసారి నేను ఆర్పబోయాను.

"ఉండనీ అమ్మాయ్," అంది. "నీ పని కాదు అది."

బుధవారం పొద్దున నా ముందు మూడు రకాలూ పెట్టుకుని కూర్చున్నాను. గట్టి పారఫిన్, ఒక తేనెమైనం ముద్ద, ఆమె అల్మారాలో మిగిలిన సోయా తురుము. కూలరు తొట్టిలోంచి కొద్దిగా గోకనా అని మా ఆయన అడిగాడు. ఇప్పుడు ఆయనకు సంగతి తెలుసు. తియ్యొద్దని ఆమే చెప్పిందన్నాను. తేమగాలి, తడినేల. గట్టి మైనమే తీసుకుని, ఆమె నేర్పినట్టే, నీళ్ల చుక్క తగలకుండా ఒక్క కొవ్వొత్తి పోశాను. అది ఆరాలని కోరుకోవాలో, కాలాలని కోరుకోవాలో నాకు తెలియలేదు. ఏదీ కోరుకోకుండా పోశాను.

మూడింటికి సారు పక్కన గొయ్యిలోకి దించారు. చర్చి అయ్యగారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. నాలుగింటికి తుంపర ఆగింది. రెండు సమాధుల నడుమ తడిమట్టి మీద చిన్న రాయి పెట్టి, దాని మీద కొవ్వొత్తి నిలబెట్టాను. తమ్ముడి కొడుకు గొడుగు అడ్డుపెట్టి వెలిగించాడు. అంటుకుంది, నిటారుగా నిలబడింది. అందరూ దాన్నే చూశారు. పాటల ఆమె కూడా చూసింది. చివరిదాకా ఉండి చూద్దామని ఎవరూ అనలేదు.

అయ్యగారు నాలుగున్నరకు వెళ్లారు. పాటలు పాడిన ఆడవాళ్లు ఆయన వెనకే రెండు ఆటోల్లో వెళ్లారు. తమ్ముడి కొడుకూ అతని భార్యా ఐదింటికి కారులో గుంటూరు బయలుదేరారు. మా ఆయనా నేనూ ఐదుంబావుకు, కొవ్వొత్తి వైపు చూడకుండా, గేటు దాటాం. అప్పటికి వెలుతురు ఇంకా ఉంది.